మూడు నెలలు దాటితే ఫిర్యాదు చెల్లదా?

వాట్సాప్‌లో చేతులు మారుతున్న ఒక సందేశం సారాంశం ఇది: ఆఫీసులో లైంగిక వేధింపులు జరిగిన మూడు నెలల్లోగా ఫిర్యాదు చేయకపోతే ఇక దారి లేదు, ఆలస్యంగా వచ్చిన ఫిర్యాదు కక్షతో పెట్టిందే, అయినా మహిళ అడిగితే కోర్టులు గడువును పట్టించుకోవు. మొదటి మాటకూ చివరి మాటకూ పొంతన లేదు. అయినా ఒక్కొక్కటే చూద్దాం, ఎందుకంటే దీన్ని నమ్మి వెనక్కి తగ్గే మహిళలుంటారు.

మూడు నెలల గడువు నిజమే. పని చేసే చోట మహిళలపై లైంగిక వేధింపులను అరికట్టేందుకు తెచ్చిన 2013 నాటి చట్టంలోని 9వ సెక్షన్‌లో ఉంది. కానీ సందేశం రాసినవారు ఆ సెక్షన్‌ను సగమే చదివారు. వేధింపులు పదేపదే జరిగితే లెక్క చివరి ఘటన తేదీ నుంచి మొదలవుతుంది. సకాలంలో ఫిర్యాదు చేయలేని పరిస్థితులు ఉన్నాయని నమ్మితే, కారణాలు లిఖితపూర్వకంగా నమోదు చేసి, ఇలాంటి ఫిర్యాదులు విచారించేందుకు ఈ చట్టం కింద ఏర్పాటయ్యే కమిటీ మరో మూడు నెలల వరకు గడువు పెంచవచ్చు. ఆమె స్వయంగా రాయలేకపోతే రాసేందుకు సాయం చేయడం కమిటీ బాధ్యత. పై అధికారి మీదే ఫిర్యాదు చేయాల్సిన ఉద్యోగినికి ఈ వెసులుబాటు ఎంత అవసరమో చెప్పనక్కరలేదు.

ఆలస్యమైతే అబద్ధమే అన్నది అన్యాయమైన మాట. లైంగిక నేరాల్లో పరువు గురించిన భయం వల్ల బాధితురాలు, కుటుంబం పోలీసుల దగ్గరికి వెళ్లడానికి వెనకాడతారని సుప్రీంకోర్టు 1996లోనే, పంజాబ్ రాష్ట్రం వర్సెస్ గుర్మీత్ సింగ్ కేసులో చెప్పింది. ఆరోపణను రుజువు చేయలేకపోవడం ఒక్కటే ఫిర్యాదుదారుపై చర్యకు కారణం కాదని 2013 చట్టంలోని 14వ సెక్షన్ కూడా స్పష్టం చేస్తోంది.

ఇక కోర్టులు గడువును పట్టించుకోవన్న మాట. కోల్‌కతాలోని జాతీయ న్యాయ విశ్వవిద్యాలయం కేసే దీనికి సమాధానం. చివరి ఘటన 2023 ఏప్రిల్‌లో జరిగిందని చెబుతూ ఒక అధ్యాపకురాలు వైస్ ఛాన్సలర్‌పై అదే ఏడాది డిసెంబరులో ఫిర్యాదు చేశారు. ఆరు నెలలు కూడా దాటిపోయాయి. తర్వాత తనను పదవి నుంచి తప్పించడం వంటివి ఆ వేధింపులకు కొనసాగింపేనని ఆమె వాదించారు. 2025 సెప్టెంబరులో సుప్రీంకోర్టు ఆ వాదనను ఒప్పుకోలేదు. ఫిర్యాదుకు కాలదోషం పట్టిందన్న హైకోర్టు డివిజన్ బెంచ్ తీర్పునే నిలబెట్టింది. ఆరోపణలు అబద్ధమని మాత్రం తేల్చలేదు. పైగా ఈ సుప్రీంకోర్టు తీర్పును వైస్ ఛాన్సలర్ తన వృత్తి వివరాల పత్రంలో (రెజ్యూమెలో) చేర్చాలని ఆదేశించింది. ఆరు నెలల హద్దు మరీ కఠినమైనదని నా అభిప్రాయం. కానీ కోర్టులు కళ్లు మూసుకుని గడువు దాటిస్తాయని ఈ తీర్పు చదివినవారెవరూ అనలేరు.

సందేశం దాచిన అసలు విషయం మరొకటి ఉంది. కమిటీ తలుపు మూసుకున్నా పోలీసు ఫిర్యాదు దారి వేరు. నేరాలకు శిక్షలు చెప్పే చట్టమైన భారతీయ న్యాయ సంహిత 75వ సెక్షన్ కింద మూడేళ్ల వరకు శిక్ష పడే లైంగిక వేధింపు నేరాలకు కోర్టు విచారణకు స్వీకరించే గడువు మూడేళ్లు. అసభ్య వ్యాఖ్యలకైతే ఏడాది. ఆలస్యానికి సరైన కారణం చూపినా, న్యాయం కోసం అవసరమనిపించినా ఆ గడువు తర్వాత కూడా కోర్టు కేసును స్వీకరించవచ్చు. మూడేళ్లకు మించిన శిక్ష ఉన్న నేరాలకు ఈ గడువే లేదు.

కాబట్టి ఫిర్యాదు రాసేవారు చివరి ఘటన తేదీని స్పష్టంగా రాయాలి. ఆలస్యమైతే ఎందుకైందో అదే కాగితంలో చెప్పి, గడువు పెంచమని అడగాలి.