కంచె దగ్గరా, దారి మీదా?

జూన్‌లో రఘు వాళ్ల అమ్మానాన్నలు మొదటిసారి లండన్ వస్తున్నారు. బకింగ్‌హామ్ ప్యాలెస్ కాపలా మార్పు చూపించాలన్నది ఖాయం. ఎక్కడ నిలబెట్టి చూపించాలన్నదే తేలలేదు. రఘుది ప్యాలెస్ ఇనుప కంచె పక్షం, వదిన మాధవిది కవాతు సాగే దారి పక్షం.

రఘు: ఇందులో వాదించడానికి ఏముంది వదినా? కాపలా మారేది ప్యాలెస్ ముందు ఆవరణలో. పాత గార్డు, అంటే దిగిపోయే కాపలా దళం, అక్కడే ఉంటుంది, కొత్త గార్డు అక్కడికే వస్తుంది. 11కి మొదలై ముప్పావు గంట సాగుతుంది. అది వదిలేసి వీధి మలుపులో నిలబడితే, పెళ్లికెళ్లి తాళి కట్టే వేళకు భోజనాల దగ్గర కూర్చున్నట్టుంటుంది.

మాధవి: తాళి కట్టేది కనబడితే నీ మాటే సరి. కంచెను ఆనుకుని మొదటి వరుసలో ఉంటేనే ఆ ఆవరణ కనబడుతుంది. జూన్‌లో ఆ చోటు కావాలంటే తొమ్మిదీ తొమ్మిదిన్నరకల్లా చేరిపోవాలి. అక్కణ్నుంచి 11 దాకా, ఆపైన ముప్పావు గంట. రెండు మూడు గంటలు నిలువుకాళ్ల మీదే. కంచె పక్కన నీడ లేదు, బెంచీ లేదు. బాత్రూంకని కదిలితే చోటు పోయినట్టే. అత్తయ్యగారి మోకాళ్లు అంతసేపు ఆగుతాయా? ఇక రెండో వరుసలో పడ్డావంటే ముందువాళ్లు పైకెత్తిన ఫోన్లు, భుజాల మీది పిల్లలు, వాటి మధ్య నుంచి నల్ల టోపీల కొసలు. అంతే.

రఘు: విక్టోరియా స్మారకం మెట్లున్నాయి కదా. ఎదురుగా, ఎత్తుగా. అమ్మ కూర్చోవచ్చు కూడా.

మాధవి: మెట్లు మంచివే, నేనూ ఒప్పుకుంటాను. గార్డులు రావడం, పోవడం అక్కణ్నుంచి బాగా కనబడతాయి. కానీ నువ్వు చూపిస్తానంటున్నది లోపలి తంతు. మెట్లకీ కంచెకీ మధ్య పెద్ద రోడ్డు, కంచె వెంబడి జనం, ఆ వెనక ఆవరణ. అంత దూరం నుంచి ఎర్ర చుక్కలు కనబడతాయి, ముఖాలు కనబడవు. పైగా పదిన్నర దాటితే పోలీసులు రోడ్లు ఆపేస్తారు. మెట్ల మీద ఉన్నవాళ్లు మెట్ల మీదే, కంచె దగ్గరున్నవాళ్లు కంచె దగ్గరే.

రఘు: లోపల జరిగేదాన్ని మీరు తక్కువ చేస్తున్నారు. కొత్త గార్డు నెమ్మది అడుగులతో పాత గార్డుకు ఎదురుగా వచ్చి ఆగుతుంది. రెండు వైపులా తుపాకులతో వందనం చేస్తారు. అప్పుడు ఇద్దరు కెప్టెన్లూ ముందుకు నడిచి ఎడమ చేతులు తాకిస్తారు. ప్యాలెస్ తాళాలు అప్పగించినట్టు గుర్తు అది. తంతు మొత్తానికీ ప్రాణం ఆ ఒక్క క్షణమే. అది దారి మీద దొరకదు.

మాధవి: దొరకదు, నిజమే. అయితే ఆ క్షణం తర్వాత ఏం జరుగుతుందో కూడా చెప్పు. సెంట్రీలను, అంటే కావలి నిలబడే సిపాయిలను, మార్చడానికి చిన్న దళాలు వెళ్తాయి. మిగతావాళ్లు కదలకుండా నిలబడతారు, బ్యాండు పాటలు వాయిస్తుంది. అరగంట దాకా పెద్దగా కదలిక ఉండదు. తెలియనివాళ్లు అయిపోయిందనుకుని అప్పుడే వెళ్లిపోతారు. 11:40 ప్రాంతంలో పాత గార్డు బ్యాండుతో బయటికొచ్చే అందమైన ఘట్టం వాళ్లకు తప్పిపోతుంది.

రఘు: మనం వెళ్లిపోం కదా.

మాధవి: అసలు సంగతి ఇది రఘూ. ఆ గార్డు ఒక్కచోట ఉండేది కాదు. ఒక భాగం బకింగ్‌హామ్‌లో, ఒక భాగం సెయింట్ జేమ్స్ ప్యాలెస్‌లో ఉంటుంది. కొత్త గార్డేమో బర్డ్‌కేజ్ వాక్ మీది వెల్లింగ్టన్ బ్యారక్స్ నుంచి బయల్దేరుతుంది. మూడు చోట్ల నుంచి నడిచొచ్చి కలుస్తారు, మళ్లీ విడిపోతారు. కవాతే తంతులో సగం. పదిన్నరకు సెయింట్ జేమ్స్ ప్యాలెస్ ఫ్రయరీ కోర్టు ముందు ఉన్నామనుకో. అక్కడ చిన్న ఆవరణ, జనం పలచగా ఉంటారు. పాత గార్డు వరుస కడుతుంది, తనిఖీ అవుతుంది, జెండా వస్తుంది. 10:43 ప్రాంతంలో డప్పులతో కదులుతారు. మనకూ వాళ్లకూ మధ్య కొన్ని గజాలే. అక్కడ గుండీలు లెక్కపెట్టవచ్చు.

రఘు: గుండీల కోసమా ఇంత దూరం రావడం!

మాధవి: గుండీల్లోనే ఉంది. ఈ కాపలా కాసే పదాతి దళాలను ఫుట్ గార్డ్స్ అంటారు, వాటిలో రెజిమెంట్లు అయిదు. దూరం నుంచి అందరూ ఒకటే ఎరుపు, ఒకటే టోపీ. దగ్గర్నుంచి చూస్తే వేరు. గుండీలు ఒక్కొక్కటిగా సమదూరంలో ఉంటే గ్రెనెడియర్, రెండేసి జతలుగా ఉంటే కోల్డ్‌స్ట్రీమ్, మూడేసి ఉంటే స్కాట్స్, నాలుగేసి ఐరిష్, అయిదేసి వెల్ష్. టోపీకి ఎడమ పక్క తెల్ల కుచ్చు గ్రెనెడియర్లది, కుడి పక్క ఎరుపు కోల్డ్‌స్ట్రీమ్‌ది, కుడి పక్క నీలం ఐరిష్‌ది. వెల్ష్ వాళ్లకు ఎడమ పక్క తెలుపు, ఆకుపచ్చ, తెలుపు. స్కాట్స్‌కు కుచ్చే లేదు. మావయ్యగారికి ఇది ఒక్కసారి చెబితే చాలు, ఇక ఆయనే మనకు చెబుతారు. ఆ టోపీ ఎత్తు 46 సెంటీమీటర్లు, బరువు ముప్పాతిక కిలోకు కాస్త తక్కువ, ఎలుగుబంటి తోలు. దాని గొలుసు గడ్డం కింద ఉండదు, కింది పెదవికి కాస్త దిగువన ఆనుతుంది. కంచె బయటి నుంచి నీకది కనబడుతుందా?

రఘు: గుండీల లెక్క నాన్నకు బాగా నచ్చుతుంది, కాదనను. కానీ జెండా సంగతి మీరు సగమే చెప్పారు. రాజుగారు ప్యాలెస్‌లో ఉంటే కింగ్స్ కలర్ తెస్తారు, అది ముదురెరుపు. లేకపోతే రెజిమెంటల్ కలర్, అది యూనియన్ జెండా రూపంలో ఉంటుంది. మామూలు పదాతి దళాల్లో ఇదే తలకిందులు. ప్యాలెస్ మీద రాయల్ స్టాండర్డ్ ఎగురుతోందా, యూనియన్ జెండా ఎగురుతోందా, ఆవరణలో నలుగురు సెంట్రీలున్నారా, ఇద్దరేనా, రాజుగారు ఉన్నదీ లేనిదీ తెలిపే ఈ గుర్తులన్నీ ఒక్క చూపులో కలిపి చూడాలంటే ప్యాలెస్ ముందే ఉండాలి.

మాధవి: ప్యాలెస్ ముందు నుంచి పోయే మాల్ అనే రోడ్డు మీద నడుస్తూ కూడా జెండా కనబడుతుంది. సెంట్రీల మాటకొస్తే, 1959 దాకా వాళ్లు కంచె బయటే నిలబడేవాళ్లు. జనం మీదపడి విసిగించడం ఎక్కువై లోపలికి మార్చారు. నువ్వు కంచెకు ఎంత దగ్గరున్నా సెంట్రీకి మాత్రం దగ్గర కాలేవు. సెంట్రీని దగ్గరగా చూడాలంటే వైట్‌హాల్ వీధిలోని హార్స్ గార్డ్స్ భవనానికి వెళ్లాలి. పది నుంచి నాలుగు దాకా గుర్రాల మీద ఇద్దరు కూర్చునుంటారు, గంటకోసారి మారతారు. ఎర్ర కోటు, తెల్ల కుచ్చు ఉంటే లైఫ్ గార్డ్స్ దళం. నీలం కోటు, ఎర్ర కుచ్చు ఉంటే బ్లూస్ అండ్ రాయల్స్ దళం. గుర్రాలు తన్నవచ్చు, కరవవచ్చని పక్కనే బోర్డు ఉంటుంది. ఆ బోర్డు ఉత్తినే పెట్టలేదు. ఫొటో కోసం కళ్లెం పట్టుకోకూడదు, జేబులో చెయ్యి పెట్టి తినడానికేమైనా ఇవ్వకూడదు.

రఘు: అక్కడి కాపలా మార్పూ 11కే కదా? రెండూ ఒకే రోజు ఎలా కుదురుతాయి?

మాధవి: మార్పు 11కే, ఆదివారం మాత్రం పదికి. అది వదిలెయ్. సాయంత్రం 4కి తనిఖీ ఉంటుంది, అది చాలు. 1894లో విక్టోరియా రాణి ఓ సాయంత్రం అటు వస్తే గార్డులు తాగుతూ జూదమాడుతూ దొరికారట. వందేళ్లపాటు రోజూ 4కి తనిఖీ జరగాలని శిక్ష వేసింది. 1994తో గడువు తీరినా ఆచారం ఆగలేదు.

రఘు: సరే, మాల్ మీద మీరు చెప్పినట్టే నిలబడ్డామనుకుందాం. కవాతు మన ముందు నుంచి పోయేది రెండు నిమిషాలు. ఆ తర్వాత?

మాధవి: మళ్లీ వస్తారు కదా! బకింగ్‌హామ్‌లో కాపలా మారుతుండగానే కొత్త గార్డులోంచి ఒక దళం అదే దారిలో సెయింట్ జేమ్స్‌కు వస్తుంది. 11 లోపు హైడ్ పార్క్ బ్యారక్స్ నుంచి గుర్రాల దళం కూడా మాల్ మీదుగా హార్స్ గార్డ్స్‌కు పోతుంది. ఆ మధ్యలో అత్తయ్యగారు పక్కనే ఉన్న సెయింట్ జేమ్స్ పార్కు బెంచీ మీద కూర్చోవచ్చు, బాత్రూమూ పార్కులోనే దొరుకుతుంది. ఒక్కటే జాగ్రత్త, కవాతుకు అడ్డం పోకూడదు. దారివ్వమని గట్టిగా అరుస్తారే గానీ ఆగరు, తప్పుకోరు.

రఘు: పోనీ విండ్సర్ కోటకి తీసుకెళ్తే? అక్కడ జనం తక్కువ.

మాధవి: నీ నోట విండ్సర్ మాట వస్తుందనుకోలేదు! కాపలా మార్పు లండన్‌లో సాధారణంగా సోమ, బుధ, శుక్ర, ఆదివారాలు. విండ్సర్‌లో మంగళ, గురు, శనివారాలు. కాని కోట మంగళ, బుధవారాల్లో మూసేస్తారు, కాబట్టి రెండూ కలిసొచ్చేది గురువారం, శనివారమే. హై స్ట్రీట్ మీద కవాతు టికెట్ లేకుండా చూడొచ్చు, కోట లోపల మార్పుకు టికెట్ కావాలి. రాయి పరిచిన ఎత్తు దారి, అది ఆలోచించుకో. జూన్ శనివారాలు మాత్రం వద్దు. రాజుగారి పుట్టినరోజు కవాతు ట్రూపింగ్ ద కలర్, దాని ముందు రెండు రిహార్సళ్లు శనివారాల్లోనే పడతాయి.

రఘు: ప్యాలెస్ లోపలి గదులు?

మాధవి: అవి జూన్‌లో ఉండవు. 19 స్టేట్ రూములు తెరిచేది సాధారణంగా జులై నుంచి సెప్టెంబర్ దాకా. అది వేరే ప్రయాణం.

రఘు: వాన పడితే మీ దారి, నా కంచె రెండూ పోయినట్టే కదా?

మాధవి: రెండూ పోయినట్టే. గట్టి వానైతే బ్యాండూ కవాతూ ఆపేసి కాపలా మాత్రం మార్చేస్తారు. చివరి నిమిషంలో కూడా ఆపొచ్చు. అందుకే ముందురోజు రాత్రి, పొద్దున బయల్దేరే ముందు రెండుసార్లు ఈ దళాలన్నిటినీ నడిపే హౌస్‌హోల్డ్ డివిజన్ క్యాలెండర్ చూడు.

రఘు: అయితే శుక్రవారం. నాన్నను నేను తొమ్మిదికి కంచె దగ్గరికి తీసుకెళ్తాను. చేతులు తాకించే క్షణం ఆయన చూసి తీరాలి, ఇందులో నేను తగ్గను. అమ్మను మీరు పదింబావుకు గ్రీన్ పార్క్ స్టేషన్‌లో దింపుకోండి, అక్కడ లిఫ్టు ఉంది. ఫ్రయరీ కోర్టు మీది.

మాధవి: సరే, కానీ మావయ్యగారి చేతికి నీళ్ల సీసా, టోపీ ఇవ్వు. పర్సు వెనక జేబులో పెట్టుకోనివ్వకు, ఆ గుంపులో దొంగలుంటారు. తర్వాత కలవడం ప్యాలెస్ ముందు వద్దు, బారికేడ్లు తీసేదాకా అడ్డం దాటలేం. 12కి సెయింట్ జేమ్స్ పార్కు చెరువు మీది వంతెన దగ్గరికి రండి. అక్కడ పెద్ద గూడబాతులుంటాయి. నేలపట్టు పక్షుల కేంద్రంలో ఏటా గూడబాతులను చూసే మావయ్యగారు వాటిని చూసి ఏమంటారో అత్తయ్యగారూ నేనూ వినాలి.