మహారాజశ్రీ కాంప్లిమెంటరీ కాపీ వారికి

తిరుపతి,
భవానీ నగర్.

అయ్యా,

నేను సహకార బ్యాంకులో క్యాష్ కౌంటర్ వెనక కూర్చుని రిటైరైన మనిషిని. సాయంత్రం లెక్కలో ఒక్క రూపాయి తేడా వస్తే ఇంటికి కదలనిచ్చేవాళ్ళు కాదు. అలాంటిదాన్ని, అరవై దాటాక మొదటి కవితా సంపుటి సొంత డబ్బుతో అచ్చేసుకుని, ఎదుటి మనిషిని పుస్తకం వెల 150 రూపాయలు అడగడానికి నోరు పెగలక నిలబడ్డానంటే అదంతా ఊరికే చేతులు మారే తమరి మహిమే.

తమరు పుట్టింది ప్రెస్సులో. ఐదొందల కాపీలు చాలనుకుని వెళ్ళాను. "ప్లేట్ల ఖర్చు ఐదొందలకైనా వెయ్యికైనా అంతే కదమ్మా, వెయ్యేస్తే కాపీ రేటు పడిపోతుంది" అన్నాడు ప్రెస్సాయన. ఆ లెక్క తప్పు అని నేను కూడా అనలేను. డీటీపీ (కంప్యూటర్లో అక్షరాలు కూర్చడం), అట్ట డిజైను, అచ్చు ప్లేట్లు ఒక్కసారే ఖర్చు. ఆపైన పెరిగేది కాగితం, ప్రింటింగు, బైండింగే. ఆయన చెప్పినట్టే కాపీ రేటు పడిపోయింది. కాపీలు మిగిలిపోయాయి. ఆ మిగిలినవే తమరు.

ఇంకో తిరకాసు ఫారం. ఫారమంటే ఒక్కసారిగా అచ్చయ్యే పేజీల కట్ట; మామూలు పుస్తకాల డెమీ సైజులో 16 పేజీలు ఒక ఫారం. నా కవితలు ఆరు ఫారాలు నిండి, ఏడోదాంట్లో నాలుగు పేజీలు తొంగి చూశాయి. మిగతా పన్నెండు ఖాళీగా వదిలేస్తే కాగితం దండగ. అందుకని రెండు ముందుమాటలు కాస్తా మూడయ్యాయి, కృతజ్ఞతల జాబితా మా చిన్నమ్మ మనవరాలి దాకా పాకింది. అచ్చులో పేరు పడ్డవాళ్ళకి తమరు హక్కుగా వెళ్ళాలి కదా! పేజీలు నింపబోయి వాటాదారుల్ని పెంచుకున్నాను.

ఆవిష్కరణ సభ సంగతి చెప్తాను. హాలుకి అద్దె, శాలువాలకి రేటు, ఫోటోగ్రాఫరుకి అడ్వాన్సు, మైసూర్‌పాక్, కారాబూంది పెట్టిన ప్యాకెట్టుకి ఇంత అని లెక్క. వీళ్ళలో డబ్బులడగడానికి మొహమాటపడినవాళ్ళు ఒక్కరూ లేరు, పడాల్సిన అవసరమూ లేదు. సభలో మొహమాటమంతా పుస్తకం దగ్గరే వచ్చింది. టిఫిను ప్యాకెట్టుతో పాటు తమర్నీ చేతిలో పెట్టి పంపారు. వెనక అట్ట మీద వెల వేశారని గమనించినవాళ్ళు కూడా "బాగానే పెట్టారే రేటు" అని మెచ్చుకుని సంచిలో వేసుకున్నారు.

అప్పట్నుంచి ఎక్కడ కనపడినా ఇదే పాట. ప్రకాశం పార్కులో వాకింగుకి పోతే, "ఏం మేడమ్, బుక్కు వేసినారంట, మాకు ఈలేదే?" అని నిష్ఠూరం. ఇంటి దగ్గర మా ఆడపడుచు, "వదినా, మా వియ్యపురాలికి ఒకటి, వాళ్ళ అపార్ట్‌మెంట్లో లైబ్రరీ పెడతన్నారంట దానికి రెండు" అని ఇండెంటు. ఒక పెద్దాయనైతే ఇంటికే వచ్చి, కాఫీ తాగి, తమర్ని గుండెలకి ఆనించుకుని సెల్ఫీ తీసుకుని, అక్కడే కూర్చుని స్టేటస్ పెట్టి, పోతూ పోతూ పుస్తకాన్ని టీపాయ్ మీదే పెట్టేశాడు. "ఉండనీమ్మా, ఇంకెవరికైనా పనికొస్తుంది" అన్నాడు. నిజాయితీ గల మనిషి. నాకాయన మీద కోపం లేదు.

చదువుతున్నారా అంటారా? ఫోన్‌లో వాడే యూనికోడ్ అక్షరాల్లో కొట్టుకున్న కవితల్ని డీటీపీ అబ్బాయి ప్రెస్సుల్లో వాడే అనూ ఫాంట్లలోకి మార్చేసరికి వత్తులు కొన్ని ఎగిరిపోయాయి. ప్రూఫుల్లో దిద్దినా ఒకచోట 'అమ్మ' కాస్తా 'అమ' అయి కూర్చుంది, అదీ కవిత మొదటి పాదంలోనే. తమర్ని పుచ్చుకున్నవాళ్ళలో ఇంతవరకు ఒక్కరూ ఎత్తి చూపలేదు. ప్రయోగం అనుకున్నారో, ఆ పేజీ దాకా రానేలేదో తమరికే తెలియాలి.

కొండ మీద చూడండి. 2020 జనవరి నుంచి దర్శనం చేసుకున్న ప్రతి భక్తుడికీ ఒక లడ్డూ ఉచితం, ఇంకోటి కావాలంటే 50 రూపాయలు. కౌంటరు దగ్గర "స్వామీ, మా వియ్యపురాలికి ఈలేదే" అని అలిగినవాణ్ణి నేను చూడలేదు. పైగా ఆ ఒక్కటీ దర్శనం అయినవాళ్ళకే. తమర్ని మాత్రం తెరవనివాళ్ళకే ఎక్కువ ఇస్తున్నాం.

తాళ్ళపాక వారు ముందుచూపున్నవాళ్ళు. అన్నమయ్య సంకీర్తనల్ని కొడుకు పెదతిరుమలయ్య రాగిరేకుల మీద చెక్కించి, కొండ మీద గుళ్ళోనే అరలో పెట్టించాడు. 20వ శతాబ్దంలో బయటపడేదాకా చదివేవాళ్ళు లేకపోతే లేకపోయారు, "ఒక రేకు ఇవ్వండి, తీరిగ్గా చదివి అభిప్రాయం చెప్తాం" అనేవాళ్ళ బాధ కూడా లేకపోయింది.

తమరి కుటుంబంలో నాకు నచ్చినవాళ్ళు నలుగురే. 1954 నాటి చట్టం ప్రకారం పుస్తకం వేసినవాళ్ళు 30 రోజుల్లోగా సొంత ఖర్చుతో కోల్‌కతా నేషనల్ లైబ్రరీకి ఒకటి, చెన్నై, ముంబై, ఢిల్లీ లైబ్రరీలకి ఒక్కొక్కటి పంపాలి. సంతోషంగా పంపాను. పుస్తకానికి గుర్తింపుగా ఇచ్చే ఐఎస్‌బీఎన్ నంబరుకి ప్రభుత్వం పైసా తీసుకోలేదు, చెల్లుకు చెల్లు. పైగా పుస్తకం ముట్టినట్టు అక్కడివాళ్ళు రసీదు రాసివ్వాలని ఆ చట్టంలోనే ఉంది. ఉచితంగా తీసుకుని రసీదు ఇచ్చే పెద్దమనిషి కవిత్వ లోకంలో ఇంకెక్కడున్నాడండీ?

అవార్డుల వాళ్ళ సంగతి వేరు. "నాలుగు ప్రతులు పంపగలరు, తిరిగి పంపబడవు." నలుగురు జడ్జీలని చెప్పుకుంటారు. 2024 డిసెంబరులో తపాలా శాఖ రిజిస్టర్డ్ బుక్ పోస్టు ఎత్తేసింది, మరుసటేడు రిజిస్టర్డ్ పోస్టునే స్పీడ్ పోస్టులో కలిపేసింది. చవగ్గా తమర్ని సాగనంపే పాత దారి అలా మూసుకుపోయింది. ఇక షాపులో పెడదామంటే నలభై శాతం కమీషను, డబ్బులు అమ్ముడుపోయాకే.

అందుచేత ఇకమీదట పద్ధతి ఇది. ఇంటికి ఒకటే. రెండోదానికి 150. గేటు పక్కన ఫోన్‌పే స్కానర్ అతికించాను, కరెంటు బిల్లు వాడు కూడా మెచ్చుకున్నాడు. "ప్రేమతో" అని సంతకం డబ్బు పడ్డ మోత వినపడ్డాకే. పీడీఎఫ్ అడిగినవాళ్ళకి కాఫీ కూడా లేదు.

తమరు మాత్రం అప్పుడే సెలవు పుచ్చుకోకండి. రెండో సంపుటి డీటీపీకి ఇచ్చేశాను. ఈసారీ ఫారం నిండలేదు, తొమ్మిది పేజీలు తక్కువ. కృతజ్ఞతల్లో ఇంకా ఎవరి పేర్లు పెట్టొచ్చో మా ఆడపడుచు ఇందాకటి నుంచీ ఫోన్లో చదివి వినిపిస్తోంది, రాసుకుంటున్నాను.

ఇట్లు,
తమరి ఖర్చు భరించే,
ఒక కవయిత్రి