నేతాజీ జలాంతర్గామిలో ఏసీ గది లేదు, ఆయన ఒంటరిగానూ లేరు

"మూడు నెలలు సముద్ర గర్భంలో నేతాజీ" అనే సందేశం మళ్ళీ ఫోన్లలో తిరుగుతోంది. బంధువులు పంపుతున్నారు, పాత సహోద్యోగులు పంపుతున్నారు, చరిత్ర చదువుకున్న మిత్రులు కూడా పంపుతున్నారు. అందులో ఉన్నది ఇది. రెండో ప్రపంచ యుద్ధంలో నేతాజీని జర్మనీ నుంచి జపాన్ చేర్చడానికి హిట్లర్ కేవలం ఆయన కోసమే ఒక జలాంతర్గామిని పంపాడట. అది తొంభై రోజులు ఒక్కసారి కూడా నీటి పైకి రాలేదట. లోపల ఆయనకు ఏసీ గది, బెంగాలీ భోజనం అమర్చారట. ఒక్క గుండు పేలకుండా ఒంటరిగా జపాన్ చేరారట. తోడు వెళ్ళింది ఒక వంటవాడట. గౌరవంతోనే పంపుతున్నారని తెలుసు. ఆ గౌరవం నాకూ ఉంది కనుకనే ఇంత కోపం వస్తోంది.

ముందు తొంభై రోజుల సంగతి చూద్దాం. అప్పటి జలాంతర్గాములు డీజిల్ ఇంజిన్లతో నడిచేవి. ఆ ఇంజిన్లకు గాలి కావాలి. మునిగినప్పుడు నడిపించేవి బ్యాటరీలు. సైకిలు కన్నా నెమ్మదిగా వెళ్ళినా అవి ఒకటి రెండు రోజులకే సరిపోతాయి. ఆ తరువాత పైకి తేలి ఇంజిన్లు నడిపి వాటిని మళ్ళీ నింపుకోవలసిందే. నీటి కింద నుంచే గాలి తీసుకునే గొట్టం జర్మన్ జలాంతర్గాముల్లో వాడుకలోకి వచ్చింది 1944లో. నేతాజీ జర్మనీలోని కీల్ రేవులో యు-180 అనే ఆ జలాంతర్గామి ఎక్కింది 1943 ఫిబ్రవరి రెండో వారంలో. విమానాల భయం ఉన్నచోట ఆ పడవలు పగలు మునిగి రాత్రి తేలేవి. భయం తగ్గిన దక్షిణ అట్లాంటిక్‌లో ఎక్కువ కాలం నీటి మీదే సాగేవి. పైగా ఆయన ఆ పడవలో ఉన్నది పదకొండు వారాలు, తొంభై రోజులు కాదు.

ఏసీ గది! ఈ మాట రాసినవారు ఆ పడవ లోపలి ఫొటో ఒక్కటి చూసినా సిగ్గుపడేవారు. యు-180లో ఆరు డైమ్లర్ బెంజ్ ఇంజిన్లు ఉండేవి. నిజానికి అవి వేగంగా దూసుకుపోయే టార్పిడో పడవల కోసం చేసినవి. వేడినీ పొగనూ విపరీతంగా చిమ్మేవని జర్మన్ నౌకాదళమే తరువాత వాటిని తీసేసింది. ఆ ఇనుప గొట్టంలో యాభైమందికి పైగా మనుషులు ఉండేవారు. ఒకరు కాపలాకు లేస్తే అదే పరుపు మీద ఇంకొకరు పడుకునేవారు. మంచినీళ్ళు తాగడానికీ వంటకే. ఒళ్ళు కడుక్కోవాలంటే ఉప్పునీళ్ళు. గడ్డం గీసుకునేవారు అరుదు. బయలుదేరేటప్పుడు ఖాళీగా కనిపించిన ప్రతి మూలా ఆహారం కుక్కేవారు. మరుగుదొడ్డి కూడా కొన్ని వారాలు కొట్టుగదిగా మారేది. తేమకు రొట్టెల మీద తెల్లటి బూజు పట్టేది. పైపొర కోసేసి లోపలిది తినేవారు. డీజిల్ వాసన దుప్పట్లకూ బట్టలకూ తిండికీ పట్టేసేది. నేతాజీకి దొరికింది అధికారులు పడుకునే చోట ఒక పడక మాత్రమే. బర్మాలోని మాండలే జైలులో ఉన్నప్పటి నుంచి ఆరోగ్యం దెబ్బతిన్న మనిషి ఆ వాసనలో, ఆ ఇరుకులో కూర్చుని తన పుస్తకాన్ని సవరించారు, తూర్పున చేయబోయే ప్రసంగాలు సిద్ధం చేసుకున్నారు. ఆ కష్టాన్ని ఏసీ గదిగా మార్చడం ఆయనకు చేసే గౌరవమా?

"ఆయన కోసమే" అన్నదీ తప్పే. ఆ పడవ టోక్యోలోని జర్మన్ రాయబార కార్యాలయానికి టపా, జపాన్‌కు ఆయుధాల నమూనా పత్రాలు మోసుకెళ్ళింది. తిరుగు దారిలో రెండు టన్నుల బంగారాన్నీ ఇద్దరు జపాన్ నౌకాదళ అధికారులనూ ఎక్కించుకుంది.

గుండు పేలలేదన్న మాట మరీ ఘోరం. ఏప్రిల్ 18న దక్షిణాఫ్రికా తీరానికి దూరంగా యు-180 కోర్బిస్ అనే బ్రిటిష్ చమురు నౌకను టార్పిడోలతో ముంచింది. దానిలోని నావికుల్లో ఎక్కువమంది చనిపోయారు. నేతాజీ అప్పుడు లోపలే ఉన్నారు. ఆయన ఎక్కింది యుద్ధ పడవ. దాని పని ఓడలను ముంచడం. ఆ పని చేసినవారి గతి కూడా చూడండి. జర్మన్ జలాంతర్గాముల్లో పనిచేసిన దాదాపు నలభై వేలమందిలో ముప్పై వేల దాకా తిరిగి రాలేదు. యు-180 కూడా 1944 ఆగస్టులో బిస్కే అఖాతంలో అందరితో సహా మునిగిపోయింది.

ఇక ఆ "వంటవాడు". ఆయన పేరు ఆబిద్ హసన్. మన హైదరాబాద్ మనిషి. జర్మనీలో ఇంజినీరింగ్ చదువుతూ, నేతాజీ మాట విని చదువు వదిలేసి ఆయన వెంట నడిచారు. బెర్లిన్‌లో ఆయనకు కార్యదర్శి, దుబాసీ. పడవలో నేతాజీ చెబుతుంటే రాసుకున్నదీ హసనే. జర్మన్ల తిండి నేతాజీకి సయించడం లేదని సామానులో వెతికి, బియ్యమూ పప్పూ దొరికించుకుని, కిచిడీ వండి పెట్టారు. నేతాజీ ఆ కిచిడీ తినడానికి జర్మన్ అధికారులను కూడా పిలిచేవారు. ఉన్న కాస్త బియ్యం ఇలా అయిపోతాయేమోనని హసన్ బెంగ. ప్రేమతో వండిన ఆ కిచిడీ పుణ్యాన ఆయన ఈనాడు వంటవాడయ్యారు! ఆ మనిషి ఆజాద్ హింద్ ఫౌజ్‌లో అధికారిగా ఇంఫాల్ వైపు పోరాడారు. స్వాతంత్ర్యం తరువాత విదేశాంగ సేవలో చేరి డెన్మార్క్‌లో మన రాయబారిగా పనిచేశారు. పేరు చివర సఫ్రానీ అని చేర్చుకున్నారు. 1984లో హైదరాబాద్‌లోనే కన్నుమూశారు. "జై హింద్" అనే పలకరింపును సూచించింది ఆయనేనని చెబుతారు. ఆ సందేశం చివర పెద్ద అక్షరాలతో ఉన్నది ఆ "జై హింద్" కాదా? నినాదం కావాలి, మనిషి పేరు మాత్రం అక్కర్లేదా? ఒంటరిగా వెళ్ళారని ఒక వాక్యం, వంటవాడు తోడని ఇంకొక వాక్యం. రాసినవారికి హసన్ మనిషిగానే లెక్కకు రాలేదు. హైదరాబాద్‌లో ఉండి దీన్ని పంపుతున్నవారు కనీసం ఆ ఒక్క వాక్యం చెరిపి ఆయన పేరు రాయలేరా?

అయితే గది, మన భోజనం అన్నవి పూర్తిగా గాలి కబుర్లు కావు. అవి జరిగింది వేరే పడవలో. ఏప్రిల్ చివర మడగాస్కర్ దగ్గర, సముద్రం ఎగసిపడుతుండగా, నేతాజీ, హసన్ రబ్బరు తెప్ప మీద తడిసి ముద్దై జపాన్ జలాంతర్గామి ఐ-29కి మారారు. అందులో ఉన్న జపాన్ జలాంతర్గామి దళాధిపతి టెరావోకా తన గదిని నేతాజీకి ఇచ్చేశారు. జపాన్ వాళ్ళు పెనాంగ్‌లో ముందే మన మసాలాలు కొనిపెట్టుకుని ఘాటైన కూర వండి వడ్డించారు. హసన్‌కు అది ఇంటికి వచ్చినట్టే అనిపించిందట. సందేశంలో ఈ భాగానికి ఆధారం ఉందని ఒప్పుకుంటాను. కాకపోతే ఆ మర్యాద చేసింది హిట్లర్ కాదు. ఐ-29 వాళ్ళను దించింది కూడా జపాన్‌లో కాదు, సుమత్రా దగ్గరి సబాంగ్‌లో. అక్కడి నుంచి టోక్యోకు విమానంలో వెళ్ళారు.

సందేశంతో పాటు వస్తున్న ఫొటోలో ఉన్నది అణు జలాంతర్గామి. ప్రపంచంలో అలాంటిది మొదట నీటిలోకి దిగింది 1954లో.