బిడ్డ హుషారుగా ఉందని సీసం పరీక్ష వద్దనకండి

“పెట్రోలులో సీసం ఎప్పుడో తీసేశారు. ఆడుకునే పిల్లలకు సీసం పరీక్ష ల్యాబుల దోపిడీ. అనుమానముంటే కొత్తిమీర రసం తాగించండి.” రక్తంలో సీసం ఎంతుందో చూసే పరీక్ష గురించి హైదరాబాద్‌లో తల్లుల వాట్సాప్ గ్రూపుల్లో ఈ సందేశం చేతులు మారుతోంది. ఇందులో మొదటి వాక్యం ఒక్కటే నిజం. మిగతాది నమ్మితే ఎక్కువగా నష్టపోయేది పేదింటి పిల్లలు.

పెట్రోలు సంగతి సరే. 2000 నుంచి దేశమంతటా సీసం లేని పెట్రోలే అమ్ముతున్నారు. కానీ మట్టిలో పడిన సీసం కుళ్లిపోదు, కరిగిపోదు. హైదరాబాద్‌లోని కాటేదాన్ పారిశ్రామికవాడ మట్టిలో సీసం మోతాదు మించి ఉందని మన నగరంలోనే ఉన్న జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ (ఎన్‌జీఆర్‌ఐ) శాస్త్రవేత్తలే తేల్చారు. పాత బ్యాటరీలు విప్పే షెడ్డులో పనిచేసే తండ్రి బట్టల మీద ఆ దుమ్ము ఇంటికి వస్తుంది. ఇంటి రంగుల్లో సీసానికి 90 పీపీఎం (పది లక్షల పాళ్లలో 90) హద్దు పెట్టినవి 2016 నిబంధనలు. అంతకు ముందు వేసిన రంగు ఇంకా గోడల మీదే పెచ్చులూడుతోంది. కళ్లకు పెట్టే కొన్ని సుర్మాల్లో, రంగు కోసం కల్తీ చేసిన పసుపులో కూడా సీసం ఉంటుంది.

“ఆడుకునే పిల్లలకు పరీక్ష ఎందుకు” అన్న మాట అన్నిటికంటే ప్రమాదకరం. కడుపునొప్పి, వాంతులు, మూర్ఛ వంటివి సాధారణంగా సీసం బాగా పెరిగాకే కనిపిస్తాయి. అంతకు చాలా ముందే తెలివితేటలు, ఏకాగ్రత దెబ్బతింటాయి, బయటికి ఏమీ తెలియదు. డెసిలీటరు (100 మిల్లీలీటర్లు) రక్తంలో 5 మైక్రోగ్రాముల సీసం ఉంటే చాలు, అది ఎక్కడి నుంచి వస్తోందో వెతకాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. నోట్లోకి వెళ్లిన సీసాన్ని పసిపిల్లల ఒళ్లు పెద్దలకంటే నాలుగైదు రెట్లు ఎక్కువగా పీల్చుకుంటుంది. ఇనుము లోపం ఉంటే ఇంకా ఎక్కువ. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో అయిదేళ్లలోపు పిల్లల్లో పదికి ఏడుగురికి రక్తహీనత ఉంది. ఇది తెలిసీ పరీక్ష అక్కర్లేదని ఎలా అనగలం?

ఇక దోపిడీ మాట. ప్రైవేటు ల్యాబులో డబ్బు కట్టడం కూలి చేసుకునే కుటుంబానికి భారమే. అందుకే ఆ ఖర్చు ప్రభుత్వం భరించాలి. అమెరికాలో పేదలకు ప్రభుత్వం ఇచ్చే మెడికెయిడ్ బీమాలో ఉన్న ప్రతి బిడ్డకూ 12 నెలలకు, 24 నెలలకు ఈ పరీక్ష తప్పనిసరి. మనకూ దారి లేకపోలేదు. పిల్లల ఆరోగ్యాన్ని పరీక్షించే ప్రభుత్వ పథకం రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం బృందాలు ఏడాదికి రెండుసార్లు అంగన్‌వాడీలకు రావాలి. బస్తీ దవాఖానాల్లో తీసిన రక్తం కేంద్ర ల్యాబుకు వెళుతోంది. వీటికి సీసం పరీక్షను జోడించాలి. తండ్రి పనేమిటి, సుర్మా పెడతారా వంటి ప్రశ్నలు అడగడం మంచిదే, కానీ వాటితోనే సరిపెడితే చాలామంది పిల్లలు తప్పిపోతారు. కాటేదాన్ లాంటి చోట్ల ఏడాది, రెండేళ్లు నిండిన ప్రతి బిడ్డకూ రక్తపరీక్ష చేయాలి. రక్తం కోసం వేలు గుచ్చే ముందు బిడ్డ చేతులు సబ్బుతో కడగాలి, లేదంటే చర్మం మీది దుమ్మే లెక్కలోకి వస్తుంది. ఫలితం ఎక్కువగా వస్తే నరం నుంచి రక్తం తీసి నిర్ధారించాలి.

కొత్తిమీర రసంతో సీసం పోదు. ఇరాన్‌లో 3 నుంచి 7 ఏళ్ల పిల్లలకు కొత్తిమీర సిరప్ ఇచ్చి చూస్తే, మందు లేని సిరప్ కంటే అది మెరుగ్గా పనిచేయలేదు. సీసాన్ని బయటికి లాగే మందులు సాధారణంగా డెసిలీటరుకు 45 మైక్రోగ్రాములు దాటిన పిల్లలకు, వైద్యుల పర్యవేక్షణలోనే ఇస్తారు. అంతకు తక్కువైతే చేయాల్సింది సీసం వచ్చే దారి మూయడం: సుర్మా ఆపాలి, పని బట్టలు ఇంట్లోకి తేకూడదు, నేలను తడిగుడ్డతో తుడవాలి, ఇనుము, కాల్షియం ఉన్న తిండి పెట్టాలి. తర్వాత వైద్యులు చెప్పిన గడువుకు మళ్లీ రక్తపరీక్ష చేయించాలి.