బాణమూ బొంగరమూ తానేనన్న కయాక్‌కు

మహారాజశ్రీ కయాక్ గారికి,

ఒక్కడు కూర్చుని తెడ్డు వేసుకునే చిన్న పడవ తమరు. సరస్సు ఒడ్డు మీద కూర్చుని రాస్తున్నాను. నేను చేరాలనుకున్న ఒడ్డు కాదు, తమరు చేర్చిన ఒడ్డు.

మధ్యాహ్నం పక్కగాలి కాస్త లేచింది. ఆ మాత్రానికే తమరు, ఆ గాలి ఎక్కణ్ణుంచి వస్తోందో కనుక్కుందామని కాబోలు, ముక్కు అటు తిప్పారు. నేను గాలివైపు చేత్తో దూరంగా తెడ్డు తిప్పి దారిలో పెట్టాను. మళ్ళీ తిప్పారు. మళ్ళీ పెట్టాను. పూటంతా కుడిచెయ్యే పనిచేసింది, ఎడమచెయ్యి తోడు వచ్చిందంతే. కదులుతున్న పడవకి ముక్కు ఎదురునీటి ఒత్తిడిలో బిగుసుకుని ఉంటుంది, తోక మాత్రం చెదిరిన నీళ్ళలో పట్టు లేకుండా ఉంటుంది, గాలి ఆ తోకనే నెట్టుకుపోతుంది. ఇది మీ వంశంలో అందరికీ కాస్తో కూస్తో ఉన్న జబ్బే. తమరి దగ్గర ముదిరింది.

దీనికి మందు కూడా జతచేశారు: తాడు వదిలితే తోక కింద నీళ్ళలోకి దిగే రెక్కలాంటి పలక, స్కెగ్ అంటారు. వదిలాను. దిగలేదు. దాని గాడిలో ఒక గులకరాయి కాపురం పెట్టింది. సీటు సంగతి ఇంకో ఉత్తరంలో రాస్తాను.

ఇవన్నీ భరించవచ్చు. తమర్ని అమ్మిన కేటలాగు మాటే మింగుడుపడటం లేదు. ‘బాణంలా దూసుకెళ్తుంది, బొంగరంలా తిరుగుతుంది.’ రెండూ ఒక్క వాక్యంలో, మధ్యలో ఒక్క కామా! ఆ కామా వేసిన చెయ్యి వణకలేదా?

చెమట తుడుచుకుందామని తెడ్డు ఒళ్ళో పెట్టుకున్నాను. తెడ్డు కర్ర మీద నీళ్ళు ఒళ్ళోకే కారాయి, సరే. అప్పటిదాకా అవతలి ఒడ్డు వైపున్న ముక్కు మొదట వేలెడంత పక్కకి జరిగింది. ఏం కాదులే అనుకున్నాను. ఆ వెంటనే తోక బయటికి జారడం మొదలైంది. వెనక్కి చూస్తే దాని పక్కన నీళ్ళు చిన్న గట్టులా లేస్తున్నాయి. అక్కణ్ణుంచి ఇక ఆగేది లేదు. జారినకొద్దీ వేగం, వేగం వచ్చినకొద్దీ జారుడు. తుడుచుకుని కళ్ళు తెరిచేసరికి నేను బయల్దేరిన రేవు ఎదురుగా ఉంది.

ఇందులో మాయ ఏమీ లేదు, తమరి అడుగు చూస్తే తెలుస్తుంది. రెండు కొసలూ పైకి వంగి ఉన్నాయి, రాకర్ అంటారే అది. కొసలు గాల్లో ఉంటే నీళ్ళలో మిగిలేది నడుము ఒక్కటే. కాగితం మీద తొమ్మిదడుగులు, నీళ్ళలో అంతకంటే పొట్టి. పైగా బల్లపరుపు పొట్ట. నీటిని పట్టుకునే కీల్, అంటే అడుగున పొడుగునా ఉండే గట్టు గానీ, ‘వి’ ఆకారపు అడుగు గానీ లేదు. తెడ్డు ఎప్పుడూ పడవకి ఒక పక్కనే పడుతుంది కాబట్టి ప్రతి పోటూ ముందుకి కొంత తోస్తుంది, పక్కకి కొంత తిప్పుతుంది. ఆ తిప్పుడుని ఆపే పొడవూ పట్టూ తమరికి లేవు. తమరితో సరస్సు దాటాలంటే తూర్పు తిరిగి దండం పెట్టుకోవాలంతే. అదీ తూర్పుకి తిరిగాక తమరు ఆగితేగా!

నా పక్కనుంచే పదహారు, పదిహేడు అడుగుల సముద్రపు కయాక్ ఒకటి గీత గీసినట్టు వెళ్ళిపోయింది. సన్నగా, రెండడుగుల లోపు వెడల్పుతో. దాన్నేమీ నెత్తిన పెట్టుకోను. చటుక్కున తిప్పాలంటే ప్రాణం పోతుంది. తుంటితో ఒక పక్కకి వాల్చాలి, అప్పుడు కొసలు కాస్త తేలి, నీళ్ళలోని పొడవు తగ్గి, వాల్చిన వైపు కాకుండా రెండో వైపుకి తీరిగ్గా తిరుగుతుంది. కానీ అది తిరగనని ముందే చెప్తుంది. చెప్పినట్టే తిరగదు. నువ్వో?

అవును, నువ్వే. ఇంకా ‘తమరు’ ఏమిటి? అవ్వా కావాలి బువ్వా కావాలి అని కొనేవాడు అడుగుతాడు, అడగనీ. రెండూ ఇస్తానని అమ్మేవాడు అనకూడదు కదా! తిన్నగా పోవాలంటే కొసలు నీళ్ళలో ఉండాలి. గిర్రున తిరగాలంటే నీళ్ళ బయట ఉండాలి. ఒకే కొస ఒకేసారి రెండుచోట్ల ఎలా ఉంటుందిరా? మధ్యస్థంగా ఉంటానని చెప్పొచ్చు, రెండూ తలో కాస్త అనొచ్చు. అలా అంటే అమ్ముడుపోదని భయం. ఆర్కిటిక్‌లో మీ తాతముత్తాతల్ని కట్టిన వేటగాళ్ళు ఎక్కేవాడి ఒంటితోనే కొలతలు తీసేవాళ్ళు: మూడు బారల పొడవు, తుంటి వెడల్పుకి రెండు పిడికిళ్ళు కలిపి వెడల్పు. వేటాడే సీల్ జంతువు దగ్గరికి చప్పుడు కాకుండా పోవాల్సిన పడవ అది. ఏ నీళ్ళకి ఏ పడవో తేల్చుకున్నాకే కర్ర కోశారు. నీకు మాత్రం క్రాస్‌ఓవర్ అని పేరు పెట్టి, అన్ని నీళ్ళూ నీవేనన్నారు.

ఏటి సంగతి ఎత్తకపోతే అన్యాయమే. సుడులు తిరిగే నీళ్ళలో, బండ పక్కన, దిగువకి కొట్టుకుపోతూ ఒక్క పోటు వేస్తే చాలు, ఠక్కున తిరిగి బండ వెనక నిలకడ నీళ్ళలో నిలబడతావు. అల ఎదురైతే ముక్కు దూర్చవు, ఆ వంగిన కొసతోనే పైకెక్కుతావు. అక్కడ నీమీద నాకు కోపం రాదు. ఆ పొడుగు దొరగారు అదే చోట బండకి అడ్డం పడి ఉండేవాడు.

శనివారం ఏటికి పోదాం. గులకరాయి పుల్లతో తీశాను, స్కెగ్ ఇప్పుడు దిగుతోంది, అక్కడ దాని అవసరం లేదు కాబట్టి. వెళ్ళే దారి ఈ సరస్సు పక్కనుంచే. కారు మీద ఉన్నంతసేపైనా తల తిప్పకు.

ఇట్లు,
ఒంటిచేత్తో పడవ నడిపే మీ యజమాని