గడువు దాటాక పోతే లెక్కలోకి రారండీ

మానవతా సైనిక జోక్యాల ప్రభావం మీద, అంటే జనాన్ని కాపాడతామంటూ బయటి దేశాలు సైన్యంతో దిగడం మీద, మొన్న మన డెల్టాలో ఒక కాలేజీవాళ్లు జాతీయ సదస్సు పెట్టారు. వక్త ఢిల్లీ నుంచి వచ్చారు. తెర మీద పట్టిక వేశారు. కొసావో, 1999, 78 రోజుల బాంబింగ్, విజయం. లిబియా, 2011 మార్చి 19 నుంచి అక్టోబరు 31 వరకు, విజయం. అక్టోబరు 31 సాయంత్రం అమెరికా, యూరప్ దేశాల సైనిక కూటమి నాటో తాళం వేసుకుని వెళ్లిపోగానే లిబియావాళ్ల కష్టాలు కూడా సంతకం పెట్టేసి ఇళ్లకు పోయాయన్నమాట. ఎంత క్రమశిక్షణ!

పంట నష్టం రాసుకోడానికి మన దగ్గరికి వచ్చేవాళ్లే నయం. 33 శాతం దాటలేదని తేల్చేసినా, చేను గట్టు దాకా అయినా వస్తారు.

వెనక వరసలోంచి ఒక పెద్దాయన లేచాడు. కాలువల మీద లస్కరుగా చేసి రిటైరైన మనిషి.

"ఏవండీ, లిబియాలోనే డెర్నా అని, ఆనకట్టలు తెగి ఊరు సముద్రంలోకి పోయిందంట కదండీ. అది ఏ గడిలో వేశారండీ?"

"అది 2023 అండి. మా స్టడీ పీరియడ్‌లోకి రాదు."

"ఆయ్. ఆ సంగతి పోయినోళ్లకి ముందే చెప్పారాండీ?"

కన్వీనరు గంట కొట్టాడు. ఇంకో ప్రొఫెసరు మైకు లాక్కుని, ఆనకట్టలు తెగింది తుఫాను వానకి కాబట్టి అది జాగ్రఫీ వాళ్లదన్నాడు. ఆనకట్ట సివిల్ ఇంజినీరింగ్‌ది, చనిపోయినవాళ్లు జనాభా శాస్త్రం వాళ్లకు వస్తారు, తమది కేవలం పొలిటికల్ సైన్స్ అని వివరించాడు. పెద్దాయన కూర్చోలేదు. "గండి పడితే మేం డిపార్ట్‌మెంటు అడగలేదండీ. ఇసక బస్తాలు మోశాం," అన్నాడు. చప్పట్లు పడలేదు. టీ వచ్చింది.

బాంబులు ఆ ఆనకట్టల్ని పగలగొట్టాయని ఎవరూ అనడం లేదు. పగుళ్లున్నాయని 1998లోనే తేలింది. బాగు చేయడానికి దిగిన టర్కీ కంపెనీ 2011 గొడవల్లో వదిలేసి పోయింది. ఆ తర్వాత దేశానికి ఒకదానికొకటి పోటీగా రెండు ప్రభుత్వాలొచ్చాయి, ఆనకట్టలకు ఒక్క మేస్త్రీ రాలేదు. వరద వస్తే ఊరు మిగలదని 2022లో అక్కడి ఇంజినీరింగ్ అధ్యాపకుడు ఒకాయన పరిశోధనా పత్రమే రాశాడు. అదీ స్టడీయే! ఎవడు చదివాడు? 2023 సెప్టెంబరులో ఒక్క రాత్రి వేలమంది కొట్టుకుపోయారు. పిల్లలు, ముసలివాళ్లు, నిద్రలోనే. ఆ చావుల్ని పీరియడ్ బయట అనడానికి నోరెలా వచ్చిందయ్యా?

అయితే జోక్యమే వద్దా అని ఎదురడుగుతారు. 1994లో రువాండాలో ఊచకోత సాగుతుండగానే ఐక్యరాజ్యసమితి భద్రతా మండలి తన శాంతి దళాన్ని 270 మందికి తగ్గించమని తీర్మానించింది. సుమారు ఎనిమిది లక్షలమందిని చంపేశారు. కాబట్టి వెళ్లొద్దని నేననను. వెళ్లినవాడు ఆనకట్టలు ఎవరు చూస్తారో తేల్చకుండా విమానం ఎక్కి, ఆ ఎక్కిన తేదీనే విజయం అని రాయించుకోవడం మాత్రం సిగ్గులేనితనం. దాన్ని పట్టికలోకి ఎక్కించేవాడిది ఇంకాస్త ఎక్కువ.

వచ్చే నెల రెండో సదస్సు ఉందట. అంశం: యుద్ధానంతర పునర్నిర్మాణంలో విజయగాథలు. పులసల సీజన్ కాదు కాబట్టి పనసపొట్టు కూరతో సర్దుకోమన్నారు. లస్కరు గారిని పిలవడం లేదు.