అచ్చు వేసిన ఇటుకలు

నిన్న రాత్రి ఒక రిసెప్షన్‌కు వెళ్లి వచ్చాను. భోజనాలకు వంక పెట్టలేం. పూతరేకులు ఆత్రేయపురం నుంచే తెప్పించారట, అడిగి మరీ వేయించుకున్నాను. నా మంట అంతా గోడ మీద.

వేదిక వెనక గోడ నిండా ఎర్ర ఇటుకలు. అబ్బో అనుకుని దగ్గరకు వెళ్లి చేయి వేసి చూస్తే కాగితం! ఇటుకల బొమ్మ అచ్చు వేసిన స్టిక్కరు. ఒక మూల అప్పుడే ఊడి వేలాడుతోంది. ముఖద్వారం దగ్గర థర్మోకోల్ పొగ గొట్టం, అందులోంచి యంత్రం వదిలే తెల్లటి పొగ. దాని ముందు నిలబడి సెల్ఫీలు తీసుకోవడానికి వరస. "పాతకాలపు రైసు మిల్లు సెట్టింగండీ, దీనికి విడిగా డబ్బు తీసుకున్నారు" అని పెళ్లికూతురి మేనమామ గారు ఎంతో గొప్పగా చెప్పారు.

మా వీధి వాళ్లకు ఈపాటికే అర్థమై ఉంటుంది. మిగతా వాళ్లకు చెబుతున్నాను: ఆ హాలు కట్టిన చోట నిజంగానే రైసు మిల్లు ఉండేది. నిజం ఇటుకలు, నిజం పొగ గొట్టం. వాటిని పొక్లెయినుతో కూల్చేసి, ఇప్పుడు వాటి బొమ్మకు అద్దె వసూలు చేస్తున్నారు. పైగా పెళ్లివారు సంతోషంగా కడుతున్నారు!

అది ఉప్పుడు బియ్యం మిల్లు. మండపేట, రామచంద్రపురం వైపు వాళ్లకు చెప్పనక్కర్లేదు, ఆ రోజుల్లో కేరళకు వెళ్లే బియ్యం ఎలా తయారయ్యేదో. ధాన్యం నానబెట్టే తొట్లు, ఉడికిన ధాన్యం ఆరబోసే విశాలమైన కళ్లం, ఊక మండించే బాయిలరు, దాని వెనక పొగ గొట్టం. ఊరికి గడియారం ఆ మిల్లు కూతే. కాలువ గట్టునే ఎందుకు కట్టారంటే, ధాన్యం పడవల్లో వచ్చేది కనుక. రేవు నుంచి గోడౌనులోకి హమాలీలు బస్తాలు మోసుకుపోయే మెట్లు మొన్నమొన్నటి దాకా ఉన్నాయి. గానుగ సున్నంతో కట్టిన మందపాటి గోడలు, టేకు దూలాలు, పైన బంగాళా పెంకులు. మే నెలలో కూడా లోపల అడుగు పెడితే ప్రాణం లేచి వచ్చేది. ఇప్పటి హాల్లో ఏసీలు వేసినా మనుషులు వేడికి విసనకర్రల్లా శుభలేఖలు ఊపుకుంటున్నారు, అది వేరే సంగతి.

కూల్చేటప్పుడు ఒక పెద్దాయన నాతో అన్నారు: "పాత సామాను మీద అంత ప్రేమేమిటయ్యా, ఊరు బాగుపడవద్దా?" బాగుపడాలి గురువు గారూ. లండన్‌లో థేమ్స్ ఒడ్డున మూతబడిన బ్యాంక్‌సైడ్ విద్యుత్ కేంద్రాన్ని 2000లో టేట్ మోడర్న్ అనే చిత్రకళా మ్యూజియం చేశారు. పొగ గొట్టం కూడా అలాగే ఉంచారు. దానితో లండన్ చెడిపోయినట్టు ఎక్కడా వినలేదు. అంత దూరం ఎందుకు, కొచ్చిలో సముద్రం పక్కన సుగంధ ద్రవ్యాల వ్యాపారుల పాత గోదాములున్నాయి. ఆస్పిన్‌వాల్ హౌస్ వాటిలో ఒకటి. 2012 నుంచి అక్కడే బినాలే అనే పెద్ద కళా ప్రదర్శనలు మొదలుపెట్టారు. మన ఉప్పుడు బియ్యం తిన్న వాళ్లకు వచ్చిన ఆలోచన, పండించి పంపిన మనకు రాలేదు!

వెంటనే ఇంకొకరు అందుకుంటారు: ముంబైలో కమలా మిల్స్‌లో ఏమైంది మరి? తెలుసు. 2017 డిసెంబరులో ఆ పాత మిల్లు ఆవరణలోని భవనం పైకప్పు మీద హోటళ్లకు నిప్పంటుకుని 14 మంది చనిపోయారు. ఆ పాపం పాత ఇటుకలది కాదు. బయటపడే దారి లేకుండా పైకప్పు మీద జనాన్ని కూర్చోబెట్టిన ఆశది. నిన్నటి కొత్త హాల్లో రెండో ద్వారానికి అడ్డంగా ఐస్‌క్రీమ్ స్టాలు పెట్టారు. దాని గురించి ఆ పెద్దాయన నోరు మెదపలేదు, ఐస్‌క్రీమ్ తింటున్నారు.

సరే, పాతవి ఇష్టం లేదు, ఒప్పుకుందాం. పర్యావరణం అంటే ఇష్టమే కదా? స్టేటస్‌లలో రోజూ మొక్కలే కదా? ప్రపంచంలో మనుషుల వల్ల వెలువడే కార్బన్ డయాక్సైడ్‌లో దాదాపు 8 శాతం సిమెంటు తయారీ నుంచే వస్తోంది. సున్నపురాయిని కాల్చినప్పుడు రాయిలోంచే ఆ వాయువు బయటపడుతుంది, బొగ్గు పొగ దానికి అదనం. నిలబడి ఉన్న గోడను వాడుకుంటే ఆ లెక్కలో కొత్తగా చేరేది చాలా తక్కువ. పడగొట్టి కడితే మళ్లీ సిమెంటు, మళ్లీ ఉక్కు, మళ్లీ గోదావరి ర్యాంపుల నుంచి ఇసుక లారీలు. లంకల వాళ్లు గట్లు కోసుకుపోతున్నాయని మొత్తుకుంటుంటే మనం ఇక్కడ ఆ ఇసుకతో ఫౌంటెన్ కడతాం.

పోనీ, పడగొట్టినది సవ్యంగా పడగొట్టారా? సున్నంతో కట్టిన గోడలో ఇటుక దేనికది విడిగా వస్తుంది. శుభ్రం చేసి మళ్లీ వాడుకోవచ్చు. అంత ఓపిక ఎవరికి ఉంది! టేకు దూలాలు మాత్రం రాత్రికి రాత్రే జాగ్రత్తగా వెళ్లిపోయాయి, ఎవరింటికో మీకూ తెలుసు, నాకూ తెలుసు. మిగతా శిథిలాలు కాలువ గట్టున పోశారు. కూల్చివేత వ్యర్థాలను వేరు చేసి అప్పగించాలని 2016లోనే దేశమంతటికీ నిబంధనలు వచ్చాయి. మా కాలువకు మాత్రం ఆ కబురు అందలేదు. ఇప్పుడు ఆ శిథిలాల మీదే హాలు వాళ్లు ప్లాస్టిక్ గ్లాసులు పారబోస్తున్నారు. ఆ నీళ్లే దిగువన చేలకు వెళ్తాయి. ధవళేశ్వరంలో కాటన్ దొర విగ్రహానికి పూలదండలు వేసేది మనమే, ఆయన తవ్వించిన కాలువల్లో చెత్త వేసేదీ మనమే.

రాజమండ్రి హేవలాక్ వంతెన సంగతి సరేసరి. 1900 నుంచి రైళ్లను మోసి 1997లో విశ్రాంతి తీసుకుంది. పర్యాటక కేంద్రం చేస్తామని వినీ వినీ చెవులు తుప్పు పట్టాయి, ఆ ఇనుముకు పట్టిన దానికన్నా ఎక్కువగా. 2025లో శంకుస్థాపన అయింది. సంతోషం.

ఇంతకీ నన్ను అసలు కాల్చేది మిల్లు కూడా కాదేమో. ఆ గోడౌను ఖాళీగా ఉన్నప్పుడు మేం కొందరం తిరిగాం, మా ఊరి గ్రంథాలయాన్ని అందులోకి మార్చండి అని. ఎత్తైన కప్పు, గాలీ వెలుతురూ, పక్కన కాలువ, పిల్లలు పోటీ పరీక్షలకు చదువుకోవడానికి కావలసినంత చోటు. ఎవరి బల్ల దగ్గరకు వెళ్లినా ఒకటే మాట: నిధులు లేవు. నిధులు ఎందుకు లేవండీ? ఇంటి పన్నులో ప్రతి రూపాయికీ ఎనిమిది పైసలు గ్రంథాలయ సెస్సు అని కట్టించుకుంటున్నారు కదా. 1960 చట్టం నాటి నుంచీ జనం కడుతూనే ఉన్నారు. ఈ రాష్ట్రంలో గ్రంథాలయోద్యమ పితామహుడని పేరున్న అయ్యంకి వెంకట రమణయ్య పుట్టింది మన కొంకుదురులోనే. కృష్ణా డెల్టాలో 1935లో ఆ ఉద్యమం వాళ్లు పడవ మీద పుస్తకాలు పెట్టుకుని కాలువ వెంట ఊరూరా తిప్పారు. వాళ్లకు పడవ దొరికింది, మాకు గది దొరకలేదు.

మా గ్రంథాలయం ఇప్పుడు ఒక అద్దె మేడ మీద ఉంది. కింద చికెన్ కొట్టు. మెట్లు ఎక్కలేక ముసలివాళ్లు రావడం మానేశారు. వాన కురిస్తే పత్రికల బల్లను గోడ వైపు జరుపుతారు. సగం పుస్తకాలు గోతాల్లో మూటలు కట్టి వెనక గదిలో పడేశారు. ఆ గదికి తాళం వేశారు. తాళంచెవి పాత ఉద్యోగి దగ్గర ఉందని కొత్త ఉద్యోగి, కొత్త ఉద్యోగికి ఇచ్చేశానని పాత ఉద్యోగి.

ఈ ఏడాది పన్ను నోటీసు నిన్ననే వచ్చింది. సెస్సు మాత్రం లెక్క తప్పకుండా వేశారు. ఆ తాళంచెవి ఎవరి దగ్గర ఉందో తెలిసినవాళ్లు దయచేసి కింద రాయండి. పేరు రాయడానికి భయమైతే విడిగా సందేశం పంపండి, నేనే వెళ్లి అడుగుతాను.